ఇంటర్నెట్ పాలనలో మన మాట



హైదరాబాద్‌లో హైటెక్ సిటీ పక్కనున్న అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో 2008 డిసెంబర్ 3 నుంచి 6 వరకు ఒక సభ జరిగింది. ఐక్యరాజ్యసమితి పూనికతో ఏటా ఒక్కో దేశంలో జరిగే ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరమ్‌కు అది మూడో సమావేశం. మొదటిది ఏథెన్స్‌లో, రెండోది రియో డి జనీరోలో, మూడోది మన ఊళ్లో. ముంబై దాడులు ముగిసి అప్పటికి వారం కూడా కాలేదు. రావాల్సినవాళ్లు కొందరు ప్రయాణం మానుకున్నారు. వచ్చినవాళ్లు మాత్రం నాలుగు రోజులూ కూర్చుని, ఇంటర్నెట్ ఇంకా అందని జనంలో తర్వాతి వంద కోట్ల మందికి దాన్ని ఎలా చేర్చాలి, ఏ భాషల్లో చేర్చాలి అని చర్చించారు.

ఎనిమిదేళ్లకు, 2016 నవంబర్‌లో, అదే ప్రాంగణంలో మరో సభ. ఇంటర్నెట్ పేర్లు, చిరునామాల వ్యవహారం చూసే ఐకాన్ అనే సంస్థది. అసలు అది పోర్టోరికోలో జరగాలి. జికా వైరస్ భయంతో హైదరాబాద్‌కు మార్చారు. దేశదేశాల నుంచి మూడు వేల మందికి పైగా వచ్చారు. సభ ఇంకొక్క రోజులో ముగుస్తుందనగా పెద్ద నోట్ల రద్దు ప్రకటన వెలువడింది. చేతిలో ఉన్న ఐదువందల నోటు మనకు చెల్లనట్టే ఆ అతిథులకూ చెల్లలేదు.

ఇంత పెద్ద సభలు రెండు మన గడప దాకా వచ్చి వెళ్లినా, వాటిలో తేలిన విషయాల గురించి తెలుగులో మాట్లాడుకున్నది చాలా తక్కువ. మన చేతిలోని ఫోనుకు, మన లిపికి, మన పిల్లల ఉద్యోగాలకు సంబంధించిన విషయాలవి. అందుకే ఈ ప్రసంగం.

ఇంటర్నెట్‌కు యజమాని ఎవరంటే ఒక్క పేరు చెప్పలేం. ఊళ్లో టవర్లు టెలికాం కంపెనీలవి. సముద్రం అడుగున పరిచిన కేబుళ్లు రకరకాల కంపెనీల కూటములవి. యంత్రాలు ఒకదానితో ఒకటి ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో రాసేది ఇంజనీర్లు. చట్టాలు చేసేది ప్రభుత్వాలు. వాడుకునేది మనం. వీళ్లలో ఏ ఒక్కరూ తక్కినవాళ్లను కాదని దీన్ని నడపలేరు.

దీనికి మంచి రుజువు 2008 ఫిబ్రవరి 24న దొరికింది. పాకిస్తాన్ ప్రభుత్వం తమ దేశంలో యూట్యూబ్ కనిపించకూడదని ఆదేశించింది. అక్కడి టెలికాం సంస్థ ఆ ఆదేశాన్ని అమలు చేయబోయి, యూట్యూబ్‌కు వెళ్లే దారి తన దగ్గరే ఉన్నట్టు నెట్‌వర్క్‌లో ఒక తప్పుడు ప్రకటన పెట్టింది. ఆ ప్రకటన దేశంలోనే ఆగిపోవాలి. ఆగలేదు. హాంకాంగ్ కంపెనీ ఒకటి దాన్ని నిజమనుకుని ముందుకు పంపడంతో ప్రపంచమంతా పాకింది. సుమారు రెండు గంటలపాటు చాలా దేశాల్లో యూట్యూబ్ తెరుచుకోలేదు. దాన్ని చక్కదిద్దినవాళ్లు మంత్రులు కారు, రాయబారులు కారు. వేర్వేరు కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లు ఒకరినొకరు సంప్రదించుకుని దారిని మళ్లీ సరిచేశారు. ఒక ప్రభుత్వం తన హద్దుల్లోనే తీసుకున్న నిర్ణయం కూడా తన హద్దుల్లో ఉండదు. ఇంటర్నెట్ స్వభావమే అంత.

2005లో ట్యునిస్ నగరంలో జరిగిన ప్రపంచ శిఖరాగ్ర సభలో దేశాలన్నీ ఈ సంగతిని ఒప్పుకున్నాయి. ప్రభుత్వాలు, వ్యాపార సంస్థలు, పౌర సమాజం ఎవరి పాత్రలో వాళ్లుంటూ ఉమ్మడిగా నియమాలు రూపొందించుకోవాలని ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఇంజనీర్లు, విశ్వవిద్యాలయాలవాళ్లు ఎలాగూ మొదటి నుంచీ ఉన్నారు. దీన్నే బహుళ పక్షాల పాలన అంటున్నారు. పేరు బరువుగా ఉంది కానీ విషయం తేలికే. ఒక నిర్ణయం ఎవరెవరి మీద పడుతుందో వాళ్లందరూ ఆ నిర్ణయం జరిగేచోట ఉండాలి.

ఇది మాటల్లోనే ఉందా, ఆచరణలో ఉందా? కొన్ని చోట్ల నిజంగానే ఉంది. ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సమూహం ఒకటుంది, ఐఈటీఎఫ్ అంటారు. దానికి సభ్యత్వాలు లేవు, ఓట్లు లేవు. ఒక ప్రతిపాదన మీద గదిలో ఉన్నవాళ్ల మనసు తెలుసుకోవాలంటే సభ నడిపే మనిషి, ఒప్పుకునేవాళ్లను నోరు తెరవకుండా గొంతులోనే ఊఁ అనమంటాడు. ఆ తర్వాత ఒప్పుకోనివాళ్లను అనమంటాడు. ఏ హోరు ఎంత బలంగా ఉందో గదంతా వింటుంది. తక్కువ వినిపించిన పక్షాన్ని అంతటితో వదిలేయరు. వాళ్ల అభ్యంతరం ఏమిటో విని, దానికి సమాధానం చెప్పాకే ముందుకు వెళ్తారు. ఆ హోరులో ఎవరిది ఏ కంపెనీయో, ఏ దేశమో తెలియదు. నాకు ఈ పద్ధతి మీద చాలా గౌరవం.

పేర్లు, చిరునామాల కథ ఇంకాస్త చిక్కుగా నడిచింది. మనం ఫోనులో ఒక వెబ్‌సైట్ పేరు కొట్టగానే, ఆ పేరు వెనక ఉన్న అంకెల చిరునామా ఏదో కనుక్కుని యంత్రం అక్కడికి వెళ్తుంది. ఉత్తరం మీద మనిషి పేరు చూసి పోస్ట్‌మ్యాన్ ఇంటి నంబరు గుర్తుపట్టడం లాంటిదే ఇది. ప్రపంచం మొత్తానికి ఆ పేర్లకు పైన ఒక మూల పట్టిక ఉంటుంది. చాలా ఏళ్లు దాని బాగోగులు అమెరికా ప్రభుత్వ ఒప్పందం కింద దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ పోస్టెల్ అనే శాస్త్రవేత్త చూసుకున్నారు. ప్రపంచం ఆయన నిజాయితీని నమ్ముకుని నడిచింది. 1998లో ఐకాన్ ఏర్పడింది. ఆ సంవత్సరమే అక్టోబర్ 16న పోస్టెల్ కన్నుమూశారు.

ఐకాన్ లాభాపేక్ష లేని సంస్థే అయినా, మూల పట్టిక మీద చివరి ముద్ర అమెరికా వాణిజ్య శాఖదే. మిగతా దేశాలకు ఇది నచ్చలేదు. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘా గుట్టు బయటపెట్టాక ఆ అసంతృప్తి ముదిరింది. 2014 మార్చిలో అమెరికా ఈ పెత్తనం వదులుకుంటానని ప్రకటించింది. ముఖ్యమైన షరతు ఒకటి పెట్టింది. ఇంకో ప్రభుత్వానికి గానీ, ప్రభుత్వాల కూటమికి గానీ అప్పగించం, అన్ని పక్షాలూ కలిసి ఒక ప్రణాళిక తయారుచేయాలి అంది. రెండేళ్లకు పైగా చర్చలు సాగాయి. ఆఖరి క్షణంలో అమెరికాలోనే నాలుగు రాష్ట్రాలు దీన్ని ఆపమని టెక్సాస్‌లో కోర్టుకెళ్లాయి. జడ్జి ఆపలేదు. 2016 అక్టోబర్ 1న ఐకాన్‌తో అమెరికా ఒప్పందం ముగిసిపోయింది. ఆ తర్వాత ఐకాన్ జరుపుకున్న మొట్టమొదటి సభే మన హైదరాబాద్ సభ. ఒక అగ్రరాజ్యం తన చేతిలోని అధికారాన్ని యుద్ధం లేకుండా, ఇంకో రాజ్యానికి కాకుండా, ఒక ఉమ్మడి సమాజానికి వదిలేసిన సందర్భాలు చరిత్రలో అరుదు. అలాంటి మలుపు తర్వాతి తొలి సమావేశం మన ఊళ్లో జరిగిందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

ఇక మన లిపి సంగతికి వస్తాను. నన్ను ఈ విషయంలోకి లాగింది అదే.

డాట్ కామ్, డాట్ ఇన్ లాగే తెలుగు అక్షరాల్లో డాట్ భారత్ ఉంది. 2011లోనే మూల పట్టికలో చేరింది. అయితే ఇలాంటి కొత్త పేర్లు తెలుగులో ఇంకా రావాలంటే, ఏ అక్షరం పక్కన ఏది రావచ్చు, ఏది రాకూడదు అన్న నియమాలు కావాలి. ఒక గుణింతపు గుర్తు మీద ఇంకో గుణింతపు గుర్తు పడకూడదు. మాట సున్నతో మొదలుకాకూడదు. పలక పట్టిన పిల్లలకు తెలిసిన సంగతులే. యంత్రానికి మాత్రం ఎవరో ఒకరు కూర్చుని రాసి చెప్పాలి.

బ్రాహ్మి నుంచి పుట్టిన తొమ్మిది లిపులకు ఈ పని చేయడానికి నియో బ్రాహ్మీ బృందం అని ఒకటి ఏర్పడింది. దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం. భాష తెలిసినవాళ్లు, సాంకేతికత తెలిసినవాళ్లు కలిసి ఏళ్ల తరబడి పనిచేశారు. తెలుగు నియమాలు 2019లో ఖరారయ్యాయి.

వాళ్లకు ఎదురైన చిక్కుల్లో ఒకటి చెబుతాను. తెలుగు, కన్నడం ఒకే లిపి నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్లు. తెలుగు తలకట్టుకు, కన్నడ తలకట్టుకు ఆకారంలో తేడా ఉంది. అందువల్ల క, త, న లాంటి అక్షరాలు ఏ లిపివో కన్ను వెంటనే పట్టేస్తుంది. కానీ కొన్ని హల్లులకు తలకట్టు లేదు. ఖ, జ, ట, ణ, బ, ల. ఇవి రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. జలజ అన్న పేరు తెలుగులో రాసి, పక్కనే కన్నడలో రాసి చూడండి. ఏది ఏదో చెప్పలేరు. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. తెలుగు జ-కు ఒక సంఖ్య, కన్నడ జ-కు ఇంకో సంఖ్య.

దీనివల్ల నష్టమేమిటి? ఒక సంస్థ తెలుగు అక్షరాల్లో ఒక పేరు తీసుకుందనుకోండి. అచ్చం అలాగే కనిపించే పేరును ఒక మోసగాడు కన్నడ అక్షరాల్లో తీసుకోగలిగితే, మనం చూసి నమ్మి, వాడి సైట్లో పాస్‌వర్డ్ కొట్టేస్తాం. అందుకని ఇలాంటి జంటల్లో ఒకటి ఒకరికి ఇచ్చాక రెండోదాన్ని మూసేయాలని నియమం పెట్టారు. ఈ ప్రమాదాన్ని కాలిఫోర్నియాలో ఇంజనీరు ఊహించలేడు. ఢిల్లీలో అధికారికీ తట్టకపోవచ్చు. రెండు లిపులూ చదవగలిగినవాళ్లకే కనిపిస్తుంది. అనంతపురం నుంచో, బళ్లారి నుంచో వచ్చిన బడిపంతులు ఒకరు ఆ గదిలో ఉంటే క్షణంలో చెప్పగలరు. పాలనలో అందరూ ఉండాలి అన్న మాటకు నేను చూసినంతలో ఇంతకు మించిన సమర్థన లేదు. అది దయ కాదు, మర్యాద కూడా కాదు. వాళ్లు లేకపోతే పని తప్పుగా జరుగుతుంది.

ఇంకో సంగతి. సాఫ్ట్‌వేర్ అని తెలుగులో రాసేటప్పుడు ఫ, ట కలిసిన జంటకు వ వత్తు కూడా తగలకుండా, పొల్లు అలాగే నిలబడాలంటే, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు టైపు చేస్తాం. ఇంగ్లీషు మాటలు, ఊళ్ల పేర్లు తెలుగులో రాసేవాళ్లకు ఇది రోజువారీ అవసరం. కంటికి కనిపించని గుర్తు చిరునామాల్లోకి వస్తే మోసాలకు దారి తెరిచినట్టే కాబట్టి మూల పట్టికలో దాన్ని అనుమతించలేదు. భద్రత కోసం భాష కొంత వదులుకుంది. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. అయినా, పోతున్నదేమిటో తెలిసినవాళ్లు ఉండి ఒప్పుకోవడం వేరు, మనకు తెలియకుండానే అది పోవడం వేరు.

నియమాలు వచ్చినంత మాత్రాన అంతా అయిపోలేదు. తెలుగు అక్షరాల్లో ఈమెయిల్ చిరునామా పెట్టుకోవడం సాంకేతికంగా ఎప్పుడో సాధ్యమైంది. దాన్ని ఏదైనా దరఖాస్తులో నింపి చూడండి. సరైన ఈమెయిల్ ఇవ్వండి అని తిప్పికొట్టే సైట్లు ఇప్పటికీ కొల్లలు. అడిగేవాళ్లు లేనందుకే అవి మారడం లేదు.

ఈ విధానంలో అన్నీ మంచివేనని నేను చెప్పను. డాట్ ఆర్గ్ ఉదంతం చూడండి. స్వచ్ఛంద సంస్థలు, ధర్మసంస్థలు, భాషా సంఘాలు ఎక్కువగా వాడే చిరునామా అది. అమెరికా తెలుగువాళ్ల తానా వెబ్‌సైటు పేరు కూడా డాట్ ఆర్గ్‌తోనే ముగుస్తుంది. 2019 నవంబర్‌లో, దాన్ని నడిపే సంస్థను ఒక పెట్టుబడి కంపెనీకి 113.5 కోట్ల డాలర్లకు అమ్మేస్తున్నట్టు వార్త వచ్చింది. అమ్ముతున్నది ఇంటర్నెట్ సొసైటీ. ప్రజల పక్షాన ఉండాల్సిన సంస్థే. ప్రపంచమంతటా స్వచ్ఛంద సంస్థలు భగ్గుమన్నాయి. రేపు రుసుము పెంచితే మేమెక్కడికి పోవాలి, మా గొంతు నొక్కితే ఎవరిని అడగాలి అని నిలదీశాయి. నెలల తరబడి లేఖలు, నిరసనలు. చివరికి కాలిఫోర్నియా రాష్ట్ర అటార్నీ జనరల్ గట్టిగా లేఖ రాశాక, 2020 ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు ఈ బదిలీకి ఒప్పుకోనంది. జనం గెలిచారు. కానీ తూకాన్ని మొగ్గించింది ప్రభుత్వ న్యాయాధికారి కలం. అందరూ కలిసి నిర్ణయించే వ్యవస్థకు కూడా వెనక చట్టం అండ కావాలని దీన్నిబట్టి నేను గ్రహించాను.

డబ్బు సంగతీ అంతే. చిరునామాల చివర కొత్త పేరు కోసం తాజా విడతలో ఐకాన్ పెట్టిన దరఖాస్తు రుసుము 2,27,000 డాలర్లు. అర్హత ఉన్న చిన్న సంస్థలకు రాయితీ ఉంది. అయినా ఒక తెలుగు సాహిత్య సంఘం ఆ మాట తలపెట్టగలదా? తలుపు తీసి ఉండటం ఒక్కటే చాలదు. లోపలికి వెళ్లే శక్తి కూడా ఉండాలి. ఇంగ్లీషు రావాలి, సమయం ఉండాలి, ప్రయాణానికి డబ్బుండాలి, వీసా దొరకాలి. ఈ నాలుగూ పెద్ద కంపెనీలకు ఉన్నంత తేలిగ్గా మనకు ఉండవు.

మన దేశంలో ఏం జరిగింది? ఒక మంచి, ఒక చెడు చెబుతాను.

మంచి 2015 నాటిది. కొన్ని సైట్లకు ఒక రేటు, కొన్నిటికి ఒక రేటు పెట్టవచ్చా అన్న ప్రశ్న కూడా ఉన్న ఒక పత్రం మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ ఏడాది మార్చిలో ప్రజల అభిప్రాయం అడిగింది. సాధారణంగా అలాంటి పత్రాలకు కంపెనీల లాయర్లే జవాబిస్తారు. ఈసారి కుర్రవాళ్లు కొందరు ఆ పత్రాన్ని మామూలు మాటల్లోకి మార్చి జనానికి చెప్పారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా ఇచ్చే తన ఫ్రీ బేసిక్స్ పథకానికి ఫేస్‌బుక్ పత్రికల్లో పేజీలకు పేజీలు ప్రకటనలు ఇచ్చినా, 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి వివక్ష రేట్లను నిషేధించింది. ఇవాళ మన ఫోనులో ఏ సైటైనా ఒకే డేటా ధరకు తెరుచుకోవడంలో ఆ ఈమెయిళ్లకు భాగముంది.

చెడు కోనసీమలో చూశాం. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక ఇంటర్నెట్ ఆపేశారు. ఒకటి రెండు పూటలు కాదు, రోజుల తరబడి. కోవిడ్ తర్వాత ఇంటి నుంచే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల వెంట, పక్క ఊళ్ల వెంట తిరిగారు. ఇళ్లు తగలబెట్టినవాళ్లను పట్టుకోవాల్సిందే. శాంతిభద్రతలు ప్రభుత్వం బాధ్యత, అందులో అనుమానం లేదు. కానీ ఇన్ని రోజులు, ఇంతమందికి, ఇంత దూరం ఆపాలా అని ప్రశ్నించడానికి లోపల ఎవరున్నారు?

నిబంధనల ప్రకారం ఇలాంటి ఉత్తర్వులను సమీక్షించడానికి రాష్ట్రంలో ముగ్గురి సంఘం ఉంటుంది. ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, మరో కార్యదర్శి. ముగ్గురూ ప్రభుత్వ ఉద్యోగులే. ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును ప్రభుత్వమే సమీక్షిస్తుంది. గడువు లేకుండా ఇంటర్నెట్ ఆపడం కుదరదని, ఉత్తర్వులు ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనూరాధా భాసిన్ కేసులో చెప్పింది. సమీక్ష సంఘాల్లో విశ్రాంత న్యాయమూర్తులను, ప్రజల నుంచి కొందరిని చేర్చాలని పార్లమెంటు స్థాయీ సంఘం 2021లో సిఫారసు చేసింది. 2024లో కొత్త నియమాలు వచ్చాయి. సంఘంలో మళ్లీ అధికారులే. ప్రపంచ సభల్లో బహుళ పక్షాల విధానాన్ని సమర్థించే మన దేశం, మన జిల్లాలో స్విచ్ ఆపేటప్పుడు కూడా ఆ విధానాన్ని పాటించాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపం ఇది. ఇంటర్నెట్ నిలిపేసే ప్రతి ఉత్తర్వునూ, కారణంతో సహా, తెలుగులో, ఆ రోజే వెబ్‌సైటులో పెట్టండి. దానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. ప్రభుత్వ సైట్లన్నీ తెలుగు ఈమెయిల్ చిరునామాలను అంగీకరించేలా సరిచేయండి. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల నుంచి, కంప్యూటర్ శాఖల నుంచి ఇద్దరిద్దరు యువకులను ఈ అంతర్జాతీయ సభలకు పంపండి.

శ్రోతలకు ఒక మాట. ఐకాన్ సభలను ఇంటి దగ్గర కూర్చుని ఆన్‌లైన్‌లో ఉచితంగా వినవచ్చు, ప్రశ్న అడగవచ్చు. కొత్తవాళ్లు వెళ్లడానికి ప్రయాణ ఖర్చులిచ్చే ఫెలోషిప్‌లు ఉన్నాయి. మన దేశంలోనూ 2021 నుంచి ఇండియా ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరమ్ జరుగుతోంది. ట్రాయ్ సంప్రదింపు పత్రాలు దాని వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంటాయి, జవాబు ఇవ్వడానికి లాయరు కానక్కరలేదు. మీరు తెలుగు పంతులైనా, కేబుల్ ఆపరేటరైనా, మీసేవా కేంద్రం నడుపుతున్నా, ఈసారి అలాంటి పత్రం వచ్చినప్పుడు మీ ఊళ్లో ఇంటర్నెట్ ఎలా ఉందో, ఎక్కడ ఇబ్బంది పెడుతోందో ఒక్క పేజీ రాసి గడువులోగా పంపండి.